ఎమర్జెన్సీ విభాగంలో క్లినికల్ పరిశోధన చేయడం ఎలా

తలకు తీవ్రమైన దెబ్బ తగిలి స్పృహ తప్పినవారికి స్టెరాయిడ్ ఇవ్వడం ఒకప్పుడు ఎన్నో ఆసుపత్రుల్లో మామూలు చికిత్సగా ఉండేది. దానివల్ల మెదడు వాపు తగ్గుతుందన్న ఆలోచనలో తప్పేమీ కనిపించలేదు, ఇచ్చినవారంతా రోగి బతకాలనే ఇచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా నడిచిన ఆ అలవాటును ‘క్రాష్’ అనే అధ్యయనం 10,008 మంది రోగులలో పరీక్షించి 2004లో ఫలితం ప్రకటించినప్పుడు, స్టెరాయిడ్ అందినవారిలో రెండు వారాల లోపల 21.1 శాతం మంది, అందనివారిలో 17.9 శాతం మంది చనిపోయినట్టు తేలింది. అంటే మేలు చేస్తుందని నమ్మిన మందు వల్ల ప్రతి వందమందిలో అదనంగా ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఏ వైద్యుడూ తన డ్యూటీలో ఈ తేడాను కంటితో పట్టుకోగలిగేవాడు కాదు, ఎందుకంటే తలకు పెద్ద దెబ్బ తగిలిన రోగి చనిపోతే దానికి మందు కారణమై ఉంటుందని ఎవరికీ అనుమానం రాదు. ఎమర్జెన్సీలో ఊపిరి తీసుకునే తీరికే లేనప్పుడు పరిశోధన ఎందుకని అడిగేవారికి నేను ముందుగా ఈ అంకెలే చెబుతాను.

ఈ విభాగంలో మొదటిసారి అధ్యయనం చేయబోతున్న వైద్యులనూ, నర్సులనూ, పీజీ విద్యార్థులనూ దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. వార్డుల్లోనూ ఓపీలోనూ వాడే పరిశోధన పద్ధతులను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడికి తెస్తే అవి నిలబడవు. ఇక్కడ రోగి ఏ జబ్బుతో వచ్చాడో వచ్చిన క్షణంలో తెలియదు. అతనితో మాట్లాడే వీలు ఉండకపోవచ్చు. చికిత్స నిమిషాల్లో మొదలుకావాలి. కొన్ని గంటలు గడిచేసరికి అతను వార్డుకో, ఇంటికో, మరో ఆసుపత్రికో వెళ్లిపోతాడు. అధ్యయనాన్ని ఎలా చేస్తామో ముందే రాసుకునే ప్రోటోకాల్‌లోని ప్రతి పేజీ ఈ నాలుగు ఇబ్బందులకు జవాబు చెప్పాలి.

ప్రశ్న వేసే ముందు లెక్కపెట్టడం

అధ్యయనానికి అంశం దొరికిందనుకున్న వెంటనే ప్రోటోకాల్ రాయడం మొదలుపెట్టకండి. కనీసం రెండు వారాల పాటు, పగలూ రాత్రీ సెలవురోజులూ కలుపుకుని, మీరు అనుకుంటున్న రకం రోగులు నిజంగా ఎంతమంది వస్తున్నారో, ఏ వేళల్లో వస్తున్నారో, వచ్చాక ఎంతసేపటికి మొదటి మందు అందుతోందో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. జ్ఞాపకం ఎప్పుడూ ఎక్కువ చేసి చెబుతుంది. రోజుకు నలుగురైదుగురు వస్తారని గట్టిగా చెప్పిన సీనియర్ల అంచనా, లెక్కపెట్టి చూస్తే వారానికి ముగ్గురిగా తేలడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. ఆ రెండు వారాల పని మిమ్మల్ని రెండేళ్ల వృథా శ్రమ నుంచి కాపాడవచ్చు.

లెక్క తేలాక ప్రశ్నను ఒకే వాక్యంలో రాయండి. ఎలాంటి రోగులలో, ఏ చికిత్సను లేదా పరీక్షను, దేనితో పోల్చి, ఏ ఫలితాన్ని, ఎంతకాలం తర్వాత చూస్తారో ఆ వాక్యంలోనే ఉండాలి. అందులో ఒక్క భాగం ఖాళీగా ఉన్నా ప్రశ్న ఇంకా పండలేదని అర్థం.

రోగులను నిర్వచించేటప్పుడు కొత్తవారు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. గుండెపోటు రోగులను అధ్యయనం చేస్తామని రాస్తారు. కానీ ఎమర్జెన్సీ తలుపులోంచి గుండెపోటు రోగి ఎవరూ రారు, ఛాతీ నొప్పితో వస్తారు, ఆయాసంతో వస్తారు, ఒళ్లంతా చెమటలు పట్టి వాంతులవుతూ వస్తారు. చివరికి నిర్ధారణ అయిన జబ్బును బట్టి వెనక్కి వెళ్లి రోగులను ఏరుకుంటే, అసలు కష్టమైన కేసులు, అంటే మొదట గుర్తుపట్టలేకపోయినవి, అధ్యయనంలో లేకుండాపోతాయి. మీ పరీక్ష లేదా మీ స్కోరు నిజంగా ఉన్నదానికన్నా ఎంతో గొప్పగా కనిపిస్తుంది. కాబట్టి ట్రయాజ్ దగ్గర, అంటే వచ్చినవారిని తీవ్రతను బట్టి వేరుచేసే చోట, రోగి చెప్పుకున్న బాధ ఆధారంగా, ఆ క్షణంలో డ్యూటీ డాక్టరుకు తెలిసిన సమాచారం ఆధారంగా మాత్రమే చేర్చుకునే నియమాలు రాయండి.

ఫలితాన్ని ఎంచుకోవడంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ఆసుపత్రి బయట గుండె ఆగిపోయినవారికి అడ్రినలిన్ ఇవ్వడం గురించి 8,014 మందితో జరిపిన ‘పారామెడిక్-2’ అధ్యయనం 2018లో వెలువడింది. అడ్రినలిన్ అందినవారిలో 3.2 శాతం, మందు లేని ప్లాసిబో అందినవారిలో 2.4 శాతం మంది ముప్పై రోజుల తర్వాత బతికి ఉన్నారు. ఇంతవరకే చూస్తే మందు గెలిచినట్టే. అయితే నరాల పనితీరు చక్కగా ఉండి బతికినవారి సంఖ్యలో రెండు వర్గాల మధ్య స్పష్టమైన తేడా లేదు, బతికి బయటపడినవారిలో తీవ్రమైన మెదడు వైకల్యం ఉన్నవారు అడ్రినలిన్ వర్గంలోనే ఎక్కువగా ఉన్నారు. నాడి తిరిగి రావడాన్ని మాత్రమే కొలిచి ఉంటే ఈ సంగతి ఎన్నటికీ బయటపడేది కాదు. కొలవడానికి సులువైనదాన్ని ఎంచుకోవాలన్న ఆశ మీకూ కలుగుతుంది. రోగి ఇంటికి వెళ్లాక అతనికీ అతని కుటుంబానికీ ఏది ముఖ్యమో దాన్నే ప్రధాన ఫలితంగా పెట్టుకోండి, మిగిలినవాటిని అదనపు ఫలితాలుగా ఉంచండి.

ఏ రకం అధ్యయనం?

అన్ని ప్రశ్నలకూ ర్యాండమైజ్డ్ ట్రయల్, అంటే ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలో కేటాయించే అధ్యయనం, అవసరం లేదు, మొదటి ప్రయత్నంలో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పాత కేస్ షీట్ల నుంచి సమాచారం తీసే అధ్యయనం చూడటానికి తేలిక, చక్కగా చేయడం కష్టం. ఏ షీట్‌లో ఏ అంశాన్ని ఎలా చదవాలో ముందే నిర్వచనాలతో ఒక ఫారం తయారుచేసుకోవాలి. ఉదాహరణకు ‘బీపీ తక్కువ’ అంటే మొదటి రీడింగా, అన్నిటికన్నా తక్కువ రీడింగా అన్నది పని మొదలుకాకముందే తేలాలి. సమాచారం తీసేవారికి శిక్షణ ఇవ్వాలి, వీలైతే అధ్యయనం ఏమి నిరూపించాలనుకుంటోందో వారికి తెలియకుండా ఉంచాలి. కొన్ని షీట్లను ఇద్దరు విడివిడిగా చదివి, ఇద్దరి మధ్య ఎంత పొందిక ఉందో కప్పా విలువతో, అంటే యాదృచ్ఛికంగా కలిసే భాగాన్ని తీసేసి పొందికను చెప్పే అంకెతో, చూపాలి. రాయని విషయాన్ని జరగని విషయంగా లెక్కించకూడదన్నది అన్నిటికన్నా ముఖ్యం. రోగి పరిస్థితి విషమంగా ఉన్నప్పుడు చేతులు రోగి మీద ఉంటాయి, కలం మీద ఉండవు. అందువల్ల బాగా జబ్బుపడినవారి షీట్లలోనే ఖాళీలు ఎక్కువగా ఉంటాయి, ఆ ఖాళీలను తీసిపారేస్తే బాగా జబ్బుపడినవారినే తీసిపారేసినట్టవుతుంది.

ఎమర్జెన్సీ విభాగానికి అన్నిటికన్నా బాగా సరిపోయేవి, నా దృష్టిలో, నిర్ణయ సూత్రాలను తయారుచేసి పరీక్షించే అధ్యయనాలు. ఎవరికి ఎక్స్‌రే అవసరం, ఎవరికి సీటీ స్కాన్ అక్కరలేదు అన్నవి రోజూ పదుల సార్లు ఎదురయ్యే ప్రశ్నలు. చీలమండ మెలిక పడి వచ్చినవారి విషయంలో 1992లో ఇయాన్ స్టీల్ బృందం ప్రకటించిన ఒట్టావా సూత్రాలు ఇందుకు మంచి నమూనా. చీలమండ ఎముకల వెనక అంచున, కిందినుంచి ఆరు సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి ఉందా, దెబ్బ తగిలిన వెంటనేనూ ఎమర్జెన్సీలోనూ నాలుగు అడుగులు వేయగలిగారా అన్న చిన్న పరిశీలనలే అందులోని ముఖ్యమైన అంశాలు. మెడ ఎముకల గాయాల కోసం ‘నెక్సస్’ అధ్యయనం 21 ఎమర్జెన్సీ విభాగాల్లో 34,069 మంది రోగులను చేర్చుకుని 2000లో ఫలితం ఇచ్చింది. గాయం ఉన్న 818 మందిలో ఎనిమిది మందిని తప్ప అందరినీ అయిదు ప్రశ్నల సూత్రం పట్టుకోగలిగింది.

ఇలాంటి సూత్రాన్ని పరీక్షించేటప్పుడు డాక్టరు తన పరిశీలనను ఎక్స్‌రే చూడకముందే ఫారంలో రాయాలి, ఎక్స్‌రే చదివేవారికి ఆ ఫారం కనిపించకూడదు. స్కాన్ తీయని రోగులను జబ్బు లేనివారిగా అనుకోకుండా, రెండు వారాల తర్వాత ఫోన్ చేసి కనుక్కునే ఏర్పాటు ఉండాలి. ఒక రోగినే ఇద్దరు డాక్టర్లు చూస్తే ఒకే జవాబు వస్తుందా అన్నదీ కొంతమందిలోనైనా పరీక్షించాలి. ఇక సంఖ్యల విషయం: మీ సూత్రం 40 ఎముక విరుగుళ్లలో ఒక్కదాన్ని కూడా వదలలేదంటే సంతోషించదగ్గదే, కానీ అసలు సూత్రం నూటికి ఏడు విరుగుళ్ల దాకా వదిలేసేదై ఉండే అవకాశాన్ని ఆ 40 కేసులు కొట్టిపారేయలేవు. ఒక్కటీ తప్పనప్పుడు మూడును కేసుల సంఖ్యతో భాగిస్తే పైహద్దు సుమారుగా తెలిసిపోతుంది. నూటికి ఒకటి కన్నా తక్కువ అని చెప్పాలంటే మూడు వందల విరుగుళ్లు కావాలి, మూడు వందల మంది రోగులు చాలరు.

చికిత్సల మధ్య పోలికకు ట్రయల్ తప్పదనుకున్నప్పుడు మనిషికి మనిషి చొప్పున కేటాయించడం ఒక్కటే దారి అనుకోనక్కరలేదు. సెలైన్‌నూ రక్తంలోని లవణాల పాళ్లకు దగ్గరగా ఉండే సమతుల్య ద్రవాలనూ పోల్చిన ‘సాల్ట్-ఈడీ’ అధ్యయనంలో ఒక విభాగమంతా ఒక నెల ఒక ద్రవాన్ని, మరో నెల మరో ద్రవాన్ని వాడింది. ఆ పద్ధతిలో 13,347 మంది రోగులు చేరారు, డ్యూటీలో ఉన్నవారికి అదనపు శ్రమ దాదాపు పడలేదు. రెండు చికిత్సలూ అప్పటికే రోజువారీ వాడుకలో ఉండి, ఏది మేలో నిజంగా తెలియనప్పుడు మాత్రమే ఈ పద్ధతి తగినది.

ఎంతమంది కావాలి

ఈ లెక్కను గణాంక నిపుణుల చేత వేయించుకోవాలి, కానీ దాని స్వభావం మీకు తెలిసి ఉండాలి. ఒక చెడు ఫలితం 30 శాతం నుంచి 20 శాతానికి తగ్గుతుందని చూపాలంటే, వాడుకలో ఉన్న ప్రమాణాలతో (లేని తేడాను ఉందనుకునే అవకాశం 5 శాతం, ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం), ఒక్కో వర్గానికి సుమారు 290 మంది కావాలి. తగ్గేది 25 శాతానికే అయితే సుమారు 1,250 మంది కావాలి. తేడా సగమైతే అవసరమైన సంఖ్య నాలుగు రెట్లు దాటిపోతుంది. అందుకని మీకు దొరికే రోగుల సంఖ్యను బట్టి అసాధ్యమైన మేలును ఊహించి లెక్కను సరిపెట్టకండి. నొప్పి వంటి కొలతల్లో రోగికి తెలిసేంత తేడా ఎంతో ముందుగా చూసుకోండి. 100 మిల్లీమీటర్ల గీత మీద నొప్పిని గుర్తుపెట్టించే పద్ధతిలో సుమారు 13 మిల్లీమీటర్లకన్నా తక్కువ మార్పును రోగులు మార్పుగా గుర్తించలేదని 1996లో ఎమర్జెన్సీ రోగులలోనే చేసిన పరిశీలన చూపింది.

సమయాన్ని కొలవడం

ఈ విభాగంలోని పరిశోధనకు వెన్నెముక గడియారం. గాయాలతో రక్తం పోతున్నవారికి రక్తపు గడ్డను కరగకుండా నిలిపే ట్రనెక్సమిక్ ఆమ్లం ఇచ్చిన ‘క్రాష్-2’ అధ్యయనం 40 దేశాల్లో 20,211 మందిని చేర్చుకుని, మొత్తం మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయని 2010లో చెప్పింది. మరుసటి సంవత్సరం అదే సమాచారాన్ని సమయం ప్రకారం విడదీసి చూస్తే, దెబ్బ తగిలిన గంటలోపు మందు అందినవారిలో రక్తస్రావ మరణాలు 7.7 శాతానికి బదులు 5.3 శాతమే ఉన్నాయి, మూడు గంటలు దాటాక అందినవారిలో అవి 3.1 శాతం నుంచి 4.4 శాతానికి పెరిగాయి. అదే మందు, అదే మోతాదు. గాయమైన వేళను జాగ్రత్తగా నమోదు చేయకపోయి ఉంటే ఈ మందును ఎప్పుడు ఇవ్వకూడదో ప్రపంచానికి తెలిసేది కాదు.

మీ విభాగంలోని గోడ గడియారం, మానిటర్, డీఫిబ్రిలేటర్, కంప్యూటర్, ల్యాబ్ యంత్రం, అంబులెన్స్ సిబ్బంది ఫోన్ ఒకే సమయం చూపిస్తున్నాయో లేదో ఈరోజే ఒకసారి చూడండి. నేను మొదటిసారి చూసిన రోజున రెండు మానిటర్ల మధ్యే ఆరు నిమిషాల తేడా ఉంది, అప్పటికి మేము ‘మందు అందడానికి పట్టిన సమయం’ మీద నాలుగు నెలలుగా సమాచారం సేకరిస్తున్నాం. ఆ నాలుగు నెలల సమాచారాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఒక గడియారాన్ని ప్రమాణంగా నిర్ణయించి, మిగిలినవాటిని వారానికోసారి దానితో సరిచూసి, తేడాను రాసిపెట్టే పనిని ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించండి. ‘సున్నా నిమిషం’ ఏదో కూడా నిర్వచించాలి: లక్షణాలు మొదలైన వేళా, రోగి తలుపు దాటిన వేళా, డాక్టరు చూసిన వేళా అన్నవి మూడు వేర్వేరు మొదళ్లు. పక్షవాతం వచ్చి నిద్రలేచినవారి విషయంలో లక్షణాలు మొదలైన వేళ తెలియదు కనుక, ఆఖరుసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన వేళనే తీసుకోవాలి.

నమోదు చేసే పనిని మనుషుల మీద ఎంత తక్కువగా మోపితే అంత మంచిది. ఆగని ఫిట్స్‌కు కండరంలోకి మిడజోలం, నరంలోకి లోరజిపామ్ ఇచ్చి పోల్చిన ‘ర్యాంపార్ట్’ అధ్యయనంలో మందు పెట్టెలోనే మాటలు రికార్డు చేసే పరికరాన్ని అమర్చారు. అంబులెన్స్ సిబ్బంది పెట్టె తెరిచి, మందు ఇచ్చినప్పుడూ ఫిట్స్ ఆగినప్పుడూ పైకి చెబితే చాలు, వేళతో సహా నమోదయ్యేది. ఆ సమయాలే అసలు కథ చెప్పాయి: నరంలోకి వెళ్లిన మందు వెళ్లాక త్వరగా పనిచేసింది, కానీ నరం దొరికించుకోవడానికే నిమిషాలు పట్టాయి. చివరికి ఆసుపత్రి చేరేసరికి అదనపు మందు లేకుండానే ఫిట్స్ ఆగినవారు కండరం వర్గంలో 73.4 శాతం, నరం వర్గంలో 63.4 శాతం ఉన్నారు.

సమ్మతి

మామూలు పరిశోధనలో రోగి సమాచార పత్రం చదివి, ఇంటికి తీసుకెళ్లి, ఆలోచించుకుని సంతకం చేస్తాడు. ఇక్కడ రోగి నొప్పితో మెలికలు తిరుగుతుంటాడు, లేదా స్పృహలో ఉండడు, వెంట వచ్చినవారు భయంతో ఏ కాగితం చూపించినా సంతకం పెట్టే స్థితిలో ఉంటారు. ఆ భయంలో పెట్టిన సంతకాన్ని సమ్మతి అని పిలవడానికి నా మనసు ఒప్పుకోదు. చట్టం దృష్టిలో అది సరిపోయినా, పరిశోధకుడు అంతటితో తృప్తిపడకూడదు.

మాట్లాడగలిగి, అర్థం చేసుకోగలిగిన రోగికి ముందు నొప్పి తగ్గించి, ఆ తర్వాత అతని భాషలో రెండు మూడు నిమిషాల్లో చెప్పండి. ఇది పరిశోధన అని, వద్దన్నా చికిత్సలో ఏ లోటూ రాదని, ఎప్పుడైనా మానుకోవచ్చని చెప్పాక, తనకేమి అర్థమైందో అతని మాటల్లోనే తిరిగి చెప్పమని అడగండి. చికిత్స చేస్తున్న డాక్టరే సమ్మతి అడిగితే రోగి కాదనలేడు, కనుక వీలైనచోట వేరే మనిషి అడగాలి.

సమ్మతి చెప్పలేని రోగికి బదులు చట్టం గుర్తించిన ప్రతినిధి చెప్పవచ్చు. ప్రతినిధి కూడా లేనప్పుడు, పరిశోధన ఆలస్యం చేయడానికి వీల్లేనప్పుడు ఏం చేయాలన్నది 1964లో మొదలై చాలాసార్లు సవరణలు పొందిన, వైద్య పరిశోధనకు నైతిక నియమాలు చెప్పే హెల్సింకి ప్రకటన చెబుతోంది. రోగిని సమ్మతి చెప్పలేని స్థితికి తెచ్చిన జబ్బే అధ్యయనానికి అవసరమైన లక్షణమై ఉండాలి, అలా చేర్చుకోవడానికి గల కారణాలు ప్రోటోకాల్‌లో రాసి ఎథిక్స్ కమిటీ ఆమోదం పొంది ఉండాలి, అధ్యయనంలో కొనసాగడానికి రోగి నుంచి గానీ ప్రతినిధి నుంచి గానీ వీలైనంత త్వరగా సమ్మతి తీసుకోవాలి. అమెరికాలో 1996 నుంచి ఉన్న నిబంధన దీనికి తోడు ఆ ప్రాంత ప్రజలతో ముందుగా సంప్రదించాలని, అధ్యయనం గురించి బహిరంగంగా తెలియజేయాలని కోరుతుంది. దేశదేశానికీ నియమాలు వేరు కనుక, మీ ఎథిక్స్ కమిటీ సభ్యులను దరఖాస్తు పెట్టాక కలవడం కన్నా రాయడం మొదలుపెట్టే రోజునే కలవండి, వీలైతే ఒక రాత్రి డ్యూటీకి వచ్చి చూడమని ఆహ్వానించండి. అక్కడి పరిస్థితి చూసిన సభ్యులు అడిగే ప్రశ్నలు మీ ప్రోటోకాల్‌ను మెరుగుపరుస్తాయి.

తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో వచ్చిన పిల్లలలో ద్రవాల గురించి కెన్యా, ఉగాండా, టాంజానియాలలో జరిగిన ‘ఫీస్ట్’ అధ్యయనంలో, పిల్లవాడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు తల్లిదండ్రుల దగ్గర ముందు నోటిమాటగా అంగీకారం తీసుకుని, పరిస్థితి కుదుటపడ్డాక పూర్తి వివరాలు చెప్పి రాతపూర్వక సమ్మతి తీసుకునే పద్ధతి పాటించారు. ఇలాంటి పద్ధతి ఎంచుకుంటే ఒక కఠినమైన సందర్భానికి ముందే సిద్ధపడాలి: రెండో సంభాషణ జరగకముందే రోగి చనిపోవచ్చు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో చెబుతారో ప్రోటోకాల్‌లో రాయాలి, ఆ పని జూనియర్ల మీదికి నెట్టకూడదు.

రోగులను చేర్చుకోవడం

పరిశోధన సహాయకులు పగటిపూట మాత్రమే ఉంటే పగటి రోగులే చేరతారు. మద్యం మత్తులో పడినవారు, ఒంటరిగా ఉండి ఆలస్యంగా వచ్చినవారు, రోడ్డు ప్రమాదాల బాధితులు ఎక్కువగా చీకటిపడ్డాక వస్తారు. వారు లేని అధ్యయనం వారి గురించి ఏమీ చెప్పలేదు. ఇరవైనాలుగు గంటలూ మనుషులను పెట్టలేకపోతే, వారంలోని అన్ని షిఫ్టుల నుంచీ కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని ఆ షిఫ్టుల్లో వచ్చిన ప్రతి అర్హుడినీ అడగండి. కుదిరినప్పుడు కుదిరినవారిని చేర్చుకోవడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

అర్హత ఉన్న ప్రతి రోగికీ స్క్రీనింగ్ రిజిస్టరులో ఒక వరుస ఉండాలి: చేరారా, చేరకపోతే ఎందుకు చేరలేదు, వయసెంత, ఏ వేళ వచ్చారు. ఎథిక్స్ కమిటీ అనుమతించిన మేరకే ఈ వివరాలు రాయాలి. ఈ రిజిస్టరు లేకుండా వచ్చిన ఫలితాన్ని నేను అనుమానంతోనే చదువుతాను, ఎందుకంటే అందులో లేనివారెవరో తెలియకుండా ఉన్నవారి ఫలితం ఎవరికి వర్తిస్తుందో చెప్పలేం.

ర్యాండమైజేషన్ క్షణాల్లో అయిపోవాలి. కంప్యూటరులో లాగిన్ అయ్యి పది ప్రశ్నలకు జవాబు ఇవ్వాల్సిన పద్ధతి ఓపీకి బాగుంటుంది, గుండె ఆగిన రోగి దగ్గర పనికిరాదు. ముందే కేటాయించి, వరుస నంబర్లు వేసి, పైకి ఒకేలా కనిపించే మందు పెట్టెలను రోగి మంచానికి చేరువలో ఉంచి, వరుసలో తరువాతి పెట్టె తీసుకోవడమే కేటాయింపు అయ్యేలా చేయండి. లోపల ఏముందో తెలిసే అవకాశం ఎక్కడున్నా, వెలుతురుకు ఎత్తిపట్టి చూడగలిగే కవర్లతో సహా, అది ఎప్పుడో ఒకప్పుడు వాడుకలోకి వస్తుంది. దురుద్దేశంతో కాదు, తన రోగికి మంచిదనుకున్నది అందాలన్న తపనతోనే ఆ పని చేస్తారు. ఫారం ఒక పేజీ దాటకూడదు. నర్సులు ఇప్పటికే రాస్తున్న వివరాలను మళ్లీ రాయించకండి, ఫారం తయారుచేసేటప్పుడే వారిని కూర్చోబెట్టుకోండి. ఏ గడి ఖాళీగా మిగిలిపోతుందో వారు చూసిన వెంటనే చెప్పగలరు.

ట్రయల్‌ను మొదటి రోగి చేరకముందే బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ప్రముఖ వైద్య పత్రికల సంపాదకులు 2005 నుంచి దీన్ని షరతుగా పెట్టారు. ప్రధాన ఫలితాన్ని, విశ్లేషణ పద్ధతిని ముందే బయటపెట్టడం వల్ల తరువాత అనుకూలమైన అంకెను ఏరుకునే అవకాశం మీకే లేకుండాపోతుంది.

మధ్యలో ఆపవలసి వస్తే

చికిత్సను పోల్చే ప్రతి అధ్యయనానికీ, మీతో సంబంధం లేని భద్రతా కమిటీ మధ్యమధ్యలో ఫలితాలు చూసి కొనసాగించాలో వద్దో చెప్పాలి. పైన చెప్పిన ఫీస్ట్ అధ్యయనంలో 3,600 మంది పిల్లలను చేర్చాలనుకున్నారు. ద్రవాలను త్వరగా ఎక్కించిన పిల్లలలో 48 గంటల మరణాలు 10.5 శాతానికి అటూఇటూగా, ఎక్కించని పిల్లలలో 7.3 శాతంగా ఉన్నట్టు కమిటీ గమనించి 3,141 మంది దగ్గర చేర్పులను ఆపించింది. ప్రాణం పోస్తుందని అందరూ నమ్మిన చికిత్స ఆ వైద్య వసతుల మధ్య ఆ పిల్లలకు హాని చేసింది. ఎప్పుడు ఆపాలన్న హద్దులు మొదటి రోగికి ముందే అంకెల్లో రాసి ఉండాలి, ఆందోళన మొదలయ్యాక రాసిన హద్దులకు విలువ ఉండదు. తీవ్రమైన ప్రతికూల సంఘటన జరిగితే ఎన్ని గంటల్లో ఎవరికి తెలపాలో డ్యూటీ గదిలో అందరికీ కనిపించేలా అంటించండి.

వెళ్లిపోయిన రోగిని వెతకడం

అధ్యయనాలు ఎక్కువగా కూలిపోయేది ఈ మెట్టు మీదే. చేర్చుకునే రోజునే రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి, వాటిలో ఒకటి రోగి ఇంట్లో లేని బంధువుది లేదా స్నేహితుడిది అయితే మేలు. ఎదురుగానే ఒకసారి రింగ్ ఇచ్చి నంబరు సరైనదేనా అని చూసుకోండి. ఏ వేళ ఫోన్ చేస్తే దొరుకుతారో, తమ గురించి ఎవరితో మాట్లాడవచ్చో అడిగి రాసుకోండి. ఎన్ని రోజుల్లో, ఎన్ని వేర్వేరు వేళల్లో, ఎన్నిసార్లు ప్రయత్నిస్తారో ముందే నిర్ణయించండి. ఫోన్ చేసేవారికి రోగి ఏ వర్గంలో ఉన్నాడో తెలియకూడదు. రోగి చనిపోయాడన్న మాట వినవలసి వస్తే ఎలా స్పందించాలో కూడా వారికి నేర్పాలి.

దొరకనివారు దొరికినవారిలాంటి వారే అని అనుకోకండి. బాగా కోలుకుని పనిలో పడినవారూ దొరకరు, చనిపోయినవారూ దొరకరు. విశ్లేషణలో వారందరికీ చెడు ఫలితం వచ్చిందనుకుంటే జవాబు ఏమవుతుంది, మంచి ఫలితం వచ్చిందనుకుంటే ఏమవుతుంది అని రెండు విధాలా లెక్కవేసి చూపండి. రెండింటిలోనూ జవాబు నిలబడితే ధైర్యంగా చెప్పండి, మారిపోతే ఆ సంగతే రాయండి. ట్రయల్‌లో ఎవరికి ఏ వర్గం కేటాయించారో దాన్ని బట్టే ప్రధాన విశ్లేషణ జరగాలి, చివరికి మందు అందిందా లేదా అన్నదాన్ని బట్టి కాదు.

మరో చిక్కు కూడా ఉంది. ‘ఆరు గంటల తర్వాత ఫలానా మందు అందినవారు ఎక్కువగా బతికారు’ అన్న పరిశీలన వస్తే, ఆ మందు అందాలంటే ముందు ఆరు గంటలు బతికి ఉండాలన్న విషయాన్ని గుర్తుచేసుకోండి. తొలి గంటలోనే పోయినవారంతా ‘మందు అందని’ వర్గంలో చేరిపోయి ఉంటారు. పరిశీలన అధ్యయనాల్లో ఈ పొరపాటు మందుకు లేని మహిమను అంటగడుతుంది.

ఫలితం వచ్చాక

ట్రయల్ అయితే కన్సార్ట్, పరిశీలన అధ్యయనం అయితే స్ట్రోబ్, పరీక్షల ఖచ్చితత్వం అయితే స్టార్డ్ మార్గదర్శకాల ప్రకారం నివేదిక రాయండి. వాటిని రాసేటప్పుడు తెరవడం కన్నా ప్రోటోకాల్ దశలోనే దగ్గర పెట్టుకుంటే, ఏ సమాచారం సేకరించడం మరిచిపోయామో ముందే తెలుస్తుంది. తేడా కనిపించని ఫలితాన్ని కూడా ప్రచురించండి. దాన్ని సొరుగులో పెడితే మరో విభాగం అదే ప్రశ్నకు మళ్లీ రోగులను వెచ్చించాల్సి వస్తుంది.

ఒకే ఆసుపత్రిలో వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలన్నదానికి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) చికిత్స చరిత్ర చూడండి. 2001లో ఒక ఎమర్జెన్సీ విభాగంలో 263 మందితో జరిగిన అధ్యయనంలో, తొలి గంటల్లోనే లక్ష్యాలు పెట్టుకుని చేసిన చికిత్స వల్ల ఆసుపత్రి మరణాలు 46.5 శాతం నుంచి 30.5 శాతానికి తగ్గాయి. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. 2014, 2015 సంవత్సరాల్లో ‘ప్రాసెస్’, ‘అరైజ్’, ‘ప్రామిస్’ అనే మూడు పెద్ద అధ్యయనాలు వేర్వేరు దేశాల్లో దాన్ని తిరిగి పరీక్షిస్తే, మామూలు చికిత్స కన్నా అదనపు మేలు కనిపించలేదు. ఈ పదమూడేళ్లలో మామూలు చికిత్సే మారిపోయింది, సెప్సిస్‌ను త్వరగా గుర్తించడం, యాంటీబయాటిక్‌ను త్వరగా ఇవ్వడం అందరికీ అలవాటయ్యాయి. మొదటి అధ్యయనం ఆ అలవాటుకు దారి వేసిందని నేను భావిస్తాను, అయితే అందులోని ప్రతి మెట్టూ అవసరమా అన్నది తేల్చడానికి తిరిగి పరీక్షించడం తప్ప మరో మార్గం లేకపోయింది.

కాబట్టి మీ ఫలితంతో మీ విభాగంలో ఏదైనా పద్ధతి మార్చాలనుకుంటే, ముందు మరో ఆసుపత్రిలోని మిత్రులకు ప్రోటోకాల్ ఇచ్చి వారి రోగులలో చూడమనండి. మీ ఫారాలు నింపిన నర్సులకూ, రాత్రి షిఫ్టుల డాక్టర్లకూ, స్ట్రెచర్ తోసినవారికీ ఫలితాన్ని పత్రికలో రాకముందే ఒక పూట కూర్చోబెట్టి వివరించండి. ఫలితం తెలుసుకోవాలని కోరిన రోగులకూ కుటుంబాలకూ సులువైన మాటల్లో ఒక పేజీ ఉత్తరం పంపండి. పద్ధతి మార్చిన మూడు నెలలకు, మొదట్లో లెక్కపెట్టడానికి వాడిన ఆ నోటు పుస్తకాన్నే తీసి, మళ్లీ రెండు వారాలు, పగలూ రాత్రీ, వచ్చిన ప్రతి రోగినీ రాసి చూడండి.